రెడీమేడ్ ప్రోగ్రాములు పంపడం ఆపుదాం, ఎర్రర్లు పంచుకుందాం

పోస్టు పెద్దది, ముందే చెప్తున్నాం. మెస్ బెల్లు కొట్టేలోపు ఓపిగ్గా చదవండి. కంప్యూటర్ సబ్జెక్టు లేనోళ్లు కూడా చదవండి. మీతోనూ పనుంది, చివర్లో చెప్తాం.

మేము కృష్ణగిరి, పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు వైపు తండాల నుంచి, ఎరుకల కాలనీల నుంచి వచ్చి ఒకే హాస్టల్ రూములో ఉంటున్న ఐదుగురం. అందరికీ ఇరవై అటూ ఇటూ. మా ఐదిళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. కాబట్టి ఇది పెద్దోళ్లు చెప్పే సలహా అనుకోవద్దు. దెబ్బలు తిని నేర్చుకున్నోళ్లు చెప్పే మాట అనుకోండి.

పోయిన సెమిస్టర్‌లో జరిగిన సంగతి ముందు చెప్పాల. మా పక్క రూములో ఫస్టియర్ తమ్ముడు ఒకడుండేవాడు. పేరు రాయము. సీ ప్రోగ్రామింగ్ ల్యాబ్ ఎక్స్‌టర్నల్ కోసం ఇదే గ్రూపులో తిరిగిన పీడీఎఫ్ తీసుకుని పద్నాలుగు ప్రోగ్రాములు బట్టీ పట్టినాడు. అర్ధరాత్రి లేపి అడిగినా పేపర్ మీద రాసేస్తాడు. పరీక్షలో వచ్చింది కూడా అందులోదే, ఐదు నంబర్లు తీసుకుని అందులో పెద్దది చెప్పే ప్రోగ్రాం. టైపు చేసేటప్పుడు కంగారులో స్కాన్ఎఫ్‌లో ఒక & గుర్తు వదిలేసినాడు. రన్ కొడితే సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని పడి ఆగిపోయింది. ఎగ్జామినర్ కోప్పడలేదంట. "పైన వార్నింగ్ ఉంది చూడు, అది చదివి సరిచెయ్యి" అన్నాడంట. మా తమ్ముడు స్క్రీన్ చూడకుండా నేల చూపులు చూసినాడు. ల్యాబ్ పోయింది. ఆ వారమే అమ్మానాన్నల వెంట గుంటూరు వైపు మిరప కోతల సుగ్గికి పోయినాడు. ఫోన్ చేస్తే, "నాకది రాదులే అన్నా" అన్నాడు.

పద్నాలుగు ప్రోగ్రాములు తలలో పెట్టుకున్న పిల్లోడికి "రాదు" అని ఎట్లా అంటాం? వాడికి ప్రోగ్రాములు వచ్చు. తప్పు వస్తే ఏం చెయ్యాల్నో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ "ఎవరూ"లో మేమూ ఉన్నాం, ఈ గ్రూపూ ఉంది. పీడీఎఫ్ పంపింది మనమే.

అందుకే మా మాట ఒకటే. గ్రూపులో అవుట్‌పుట్‌తో సహా రెడీ ప్రోగ్రాములు ఫార్వర్డ్ చెయ్యడం ఆపుదాం. దాని బదులు ఎవరికి ఏ ఎర్రర్ వచ్చింది, ఎట్లా పోయింది అనేది పంచుకుందాం.

మనకు ఎర్రర్ అంటే అంత భయం ఎందుకని మా రూములో చాలాసార్లు మాట్లాడుకున్నాం. మన బడుల్లో తప్పు అంటే బెత్తం, లేదంటే ఎర్ర పెన్ను, లేదంటే "తండా పిల్లోళ్లకి ఇది ఎక్కదు" అనే మాట. పన్నెండేళ్లు అట్లా పెరిగినాక స్క్రీన్ మీద ఎర్రగా ఒక లైను కనపడితే మనకు అది కూడా తిట్టినట్టే ఉంటాది. కానీ కంపైలర్ మనల్ని తిట్టదు. అది నీ ఇంటిపేరు అడగదు, తెలుగు మీడియమా అని అడగదు, ర్యాంకు అడగదు. సెమికోలన్ మరిచిపోతే కలెక్టర్ కొడుక్కి ఏ మాట చెప్తాదో మనకూ అదే మాట చెప్తాది. పైగా ఏ ఫైల్లో, ఎన్నో లైన్లో, ఎన్నో అక్షరం దగ్గర అని అడ్రసు రాసిస్తాది. మన జీవితంలో తప్పు జరిగినప్పుడు ఇంత మర్యాదగా చెప్పినోళ్లు ఎంతమంది?

ఇంగ్లీషు రాదు కాబట్టి చదవలేం అంటారు. మేమూ అదే అనుకున్నాం. రెండు నెలలు మాకొచ్చిన ఎర్రర్లన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుని చూస్తే, తిప్పి తిప్పి అవే ఇరవై మాటలు. ఎక్స్‌పెక్టెడ్ అంటే ఇక్కడ ఇది ఉండాల్సింది, లేదు అని. అన్‌డిక్లేర్డ్ అంటే ఈ పేరు నువ్వు ముందు చెప్పలేదు అని. ఇంప్లిసిట్ డిక్లరేషన్ అంటే ఈ ఫంక్షన్ గురించి నాకు ముందు ఎవరూ చెప్పలేదు అని. అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ అంటే పేరైతే విన్నాను, మనిషి దొరకలేదు అని. టూ ఫ్యూ ఆర్గ్యుమెంట్స్ అంటే ఇవ్వాల్సినన్ని ఇవ్వలేదు అని. ఈ ఇరవై మాటలు గోర్‌బోలీలో, ఎరుకల భాషలో, తెలుగులో రాసి గోడకు అంటించుకుంటే చాలు. ఇంగ్లీషంతా నేర్చుకునే దాకా ఆగక్కర్లేదు.

ఇప్పుడు మాకు ఎక్కువగా తగిలిన తప్పులు చెప్తాం. గ్రూపులో ఎలాంటి పోస్టులు రావాలని మేము కోరుకుంటున్నామో దీన్ని బట్టి మీకే తెలుస్తాది.

మొదటిది, ఎర్రర్లు ఇరవై వస్తే ఇరవై తప్పులు ఉన్నాయని బెదరొద్దు. మాలో ఒకరికి ఒకసారి ఇరవై మూడు ఎర్రర్లు వచ్చినాయి. చూస్తే ఫర్ లూప్ కింద మూసే బ్రాకెట్ ఒకటి ఎక్కువ పడింది. అక్కడితో మెయిన్ ఫంక్షన్ అయిపోయింది అనుకుని, దాని కింద ఉన్న లైన్లన్నింటి మీదా కంపైలర్ కేకలు పెట్టింది. మన హంద్రీ-నీవా కాలువను గుర్తుచేసుకోండి. మల్యాల దగ్గర పంపు ఆగితే కృష్ణగిరి దగ్గర నీళ్లుండవు, పత్తికొండ దగ్గరా ఉండవు. కింద ఊరూరా తిరిగి కాలువ తవ్వితే లాభమేముంది? పోయి మల్యాల పంపు చూడాల. అట్లనే ఎప్పుడూ మొదటి ఎర్రర్ ఒక్కటే సరిచెయ్యండి, మళ్లీ కంపైల్ కొట్టండి. మిగతావి చాలావరకు వాటంతట అవే పోతాయి.

లైన్ నంబరు గురించి ఇంకో మాట. ఆ నంబరు తప్పు జరిగిన చోటు కాదు, తప్పు కనిపెట్టిన చోటు. డోన్‌లో టికెట్ తీసుకోకుండా బస్సెక్కినోడు వెల్దుర్తిలో చెకింగ్‌కి దొరుకుతాడు. పట్టుకున్నది వెల్దుర్తిలో, తప్పు డోన్‌లో. అందుకని చెప్పిన లైన్లో ఏమీ కనపడకపోతే దాని పై లైను చూడండి. చాలాసార్లు పోయిన సెమికోలన్ అక్కడే ఉంటాది.

రెండోది, మా తమ్ముడి & గుర్తు. స్కాన్ఎఫ్‌కి మనం ఇవ్వాల్సింది డబ్బా అడ్రసు, డబ్బాలో ఉన్న విలువ కాదు. & పెడితే అడ్రసు పోతాది. పెట్టకపోతే ఆ డబ్బాలో ఏ చెత్త నంబరుంటే దాన్నే అడ్రసు అనుకుని అక్కడ రాయడానికి పోతాది. ఇది మన సర్వే నంబరు కాని చేలో గుంటక తోలినట్టు. ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చి, "ఈ భూమి నీది కాదు" అని ప్రోగ్రామును ఆపేస్తాది. సెగ్మెంటేషన్ ఫాల్ట్ అంటే అదే. ఆగినాక అది ఏ లైనో చెప్పదు. కానీ చాలా చోట్ల కంపైల్ చేసేటప్పుడే జీసీసీ వార్నింగ్ ఇస్తాది, %డి కి అడ్రసు కావాల, నువ్వు మామూలు నంబరు ఇచ్చినావు అని. మనం ఏమనుకుంటాం? వార్నింగే కదా, ఎర్రర్ కాదు కదా అని వదిలేస్తాం. వదలొద్దు. కంపైల్ చేసేటప్పుడు -వాల్ అనే ఆప్షన్ పెట్టుకోండి, ఇట్లాంటి వార్నింగ్‌లు ఇంకా ఎక్కువ చూపిస్తాది.

మూడోది, అర్రే గట్టు దాటడం. ఐదు డబ్బాలు పెడితే వాటి నంబర్లు 0 నుంచి 4 దాకా. మనం లూపులో 5 కంటే తక్కువ అని రాయాల్సింది, 5 కంటే తక్కువ లేదా సమానం అని రాస్తాం. ఆరో డబ్బా మనది కాదు. ఇక్కడ మోసం ఏందంటే ప్రోగ్రాం ఒక్కోసారి ఆగదు. గట్టు అవతల ఉన్నది కూడా మన చేనే అయితే ఎవరూ అడగరు, కానీ అక్కడున్న పైరు పోతాది, అంటే పక్క వేరియబుల్ విలువ మారిపోతాది. ఇది పిల్లకాయల తప్పు అనుకోవద్దు. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అని ఒక తప్పు బయటపడింది. ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే సీ ప్రోగ్రాములో, అవతలోళ్లు చెప్పిన పొడవు నిజమా కాదా అని సరిచూడకుండా, గట్టు దాటి మెమరీ చదివి ఇచ్చేసేది. ప్రపంచంలో ఎన్నో వెబ్‌సైట్ల పాస్‌వర్డులు ప్రమాదంలో పడినాయి. పెద్ద పెద్దోళ్లు చేసిన తప్పు కూడా మనం ల్యాబ్‌లో చేసే రకం తప్పే.

నాలుగోది, ల్యాబ్‌లో నడిచింది, ఫోన్లో నడవదు. మనలో చాలామందికి ల్యాప్‌టాప్ లేదు, ఫోన్లోనే కంపైలర్ యాప్ వేసుకుంటాం. చాలా కాలేజీల్లో ఇంకా టర్బో సీ మీదనే నేర్పిస్తారు. అది మనం పుట్టకముందుది, 1987లో వచ్చింది. అందులో కోనియో హెడర్, క్లియర్ స్క్రీన్ ఉంటాయి. జీసీసీలో అవి లేవు, అందుకే "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంటాది. ఆ రెండు లైన్లు, చివర్లో గెట్‌చ్ లైను తీసేసి, వాయిడ్ మెయిన్ బదులు ఇంట్ మెయిన్ రాస్తే సగం గొడవ పోతాది.

ఇంకో తేడా కూడా ఉంది. టర్బో సీలో ఇంట్ అంటే 16 బిట్లు, 32,767 దాకానే పడతాది. ఆదోని యార్డులో క్వింటా పత్తి 7,000 అనుకుని ఐదు క్వింటాళ్లకు లెక్క కడదాం. 35,000 రావాల. టర్బో సీలో మైనస్ 30,536 వస్తాది. పత్తి అమ్ముకున్న మనమే ఎదురు బాకీ పడినట్టు! మొత్తాన్ని లాంగ్ చేస్తే చాలదు, ఎందుకంటే గుణించేటప్పుడే పొంగిపోతాది. గుణించే ముందే ఒక నంబరును లాంగ్‌గా మార్చాల, ప్రింట్ చేసేటప్పుడు %ఎల్‌డి వాడాల. ఫోన్లో జీసీసీ ఇంట్ 32 బిట్లు కాబట్టి అదే ప్రోగ్రాం అక్కడ సరిగ్గా నడుస్తాది.

ఐదోది, ఎర్రరే రాదు, జవాబు తప్పు. ఇవి అన్నింటికన్నా చెడ్డవి. తొంభై రోజుల్లో అరవై ఎనిమిది రోజులు పోయినాం, అటెండెన్స్ శాతం కట్టాల. 68/90*100 అని రాస్తే 0 వస్తాది. ఎందుకంటే రెండూ పూర్ణాంకాలు అయితే సీ భాషలో భాగహారం దశాంశాలను పారేస్తాది. 68/90 అంటే 0, దాన్ని వందతో గుణిస్తే 0. నిజంగా అయితే 75.5 దాటి ఉంది! 100.0*68/90 అని రాయండి, విలువను ఫ్లోట్‌లో గానీ డబుల్‌లో గానీ పెట్టుకోండి. ఇట్లాంటిదే = గుర్తు. ఇఫ్‌లో మార్కులు == 35 అని రాయాల్సిన చోట ఒక్క = పెడితే అది పోల్చదు, మార్కుల్లో 35 పెట్టేస్తాది. అందరూ పాస్! వినడానికి బాగుంటాది కానీ సున్నా వచ్చినోడికీ తొంభై వచ్చినోడికీ అదే 35. మొత్తం కూడే వేరియబుల్‌కి మొదట సున్నా పెట్టకపోవడం కూడా ఇదే జాతి. పాత లెక్క చెరపని పలక మీద కొత్త లెక్క రాసినట్టు, ఒకసారి ఒక జవాబు, ఇంకోసారి ఇంకోటి. నంబరు తీసుకున్నాక వై ఆర్ ఎన్ అని అక్షరం అడిగితే ఆగకుండా పోవడం కూడా అందరికీ తగిలేదే. ముందు కొట్టిన ఎంటర్‌నే అది అక్షరంగా తీసుకుంటాది. %సి ముందు ఒక ఖాళీ వదిలితే సరిపోతాది.

ఇట్లాంటివి పట్టుకోవడానికి మాకు పనికొచ్చిన పద్ధతులు మూడు. ఒకటి, చిన్న లెక్క చేత్తో కట్టుకుని, అక్కడక్కడా ప్రింట్ఎఫ్ పెట్టి విలువలు చూడటం. ఏ రెండు ప్రింట్ల మధ్య విలువ చెడిందో అక్కడే దొంగ ఉన్నాడు. రెండు, ప్రోగ్రాములో సగం కామెంట్ చేసి మిగతా సగం నడపడం. మూడు, నోరు తెరిచి ఎవరికైనా చెప్పడం. బయట ప్రోగ్రామర్లు బల్ల మీద రబ్బరు బాతు పెట్టుకుని దానికి చెప్తారంట. 1999లో వచ్చిన ఒక పేరున్న ప్రోగ్రామింగ్ పుస్తకం నుంచి ఆ అలవాటు పాకింది. మాకు బాతు లేదు, మా రూములో బీఏ చదివే అన్న ఉన్నాడు. ఆయనకు కంప్యూటర్ తెలియదు, కానీ "ఇదెందుకు రాసినావు రా?" అని అడుగుతాడు. మా భాషలో ఆయనకు లైను లైను చెప్తా ఉంటే మధ్యలోనే తప్పు కనపడతాది. కంప్యూటర్ సబ్జెక్టు లేనోళ్లతో పని ఉందన్నది ఇందుకే. మీరు వింటే చాలు.

ఇప్పుడు మీరు అడిగేవి మాకు తెలుసు. "రికార్డు రేపు సబ్మిట్ చెయ్యాల, ల్యాబ్‌లో ఒక కంప్యూటర్ మీద ముగ్గురం, ఫోన్లో డేటా అయిపోయింది, మీరేమో ఎర్రర్లు చదవమంటారు." నిజమే, కాదనము. పీడీఎఫ్ పంపిన అన్నలు చెడ్డోళ్లు కాదు, వాళ్లు మన మీద ప్రేమతోనే పంపినారు. దాని వల్ల చాలామంది పాస్ కూడా అయినారు, అందులో మేమూ ఉన్నాం. కానీ పాసైనాక ఏమైంది? సెకండియర్‌లో డేటా స్ట్రక్చర్స్ వచ్చింది, పాయింటర్లు వచ్చినాయి, అక్కడ బట్టీ పని చెయ్యలేదు. ఫస్టియర్‌లో రాని ఎర్రర్లన్నీ వడ్డీతో సహా అక్కడ వచ్చినాయి. సబ్జెక్టు మిగిలితే పోయేది మార్కులొక్కటే కాదు. ఇంట్లో, "ఎందుకురా, మాతో పాటు సుగ్గికి వస్తే రోజు కూలి అయినా వస్తాది" అనే మాట మొదలైతాది. బాకీలున్న ఇంట్లో ఆ మాటకు ఎదురు చెప్పడం ఎంత కష్టమో మనకు తెలుసు.

"సీ పాత భాష, 1972 నాటిది, ఎందుకింత గొడవ?" అని ఇంకొందరు అంటారు. డెన్నిస్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో తయారుచేసిన ఆ భాషలోనే లినక్స్ కెర్నల్ రాసినారు, మన చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ దాని మీదే నడుస్తాది. కొత్తగా రస్ట్ వచ్చింది, 2015లో దాని మొదటి స్థిరమైన వెర్షన్ విడుదలైంది, 2022 డిసెంబర్‌లో లినక్స్ కెర్నల్లోకి కూడా అడుగుపెట్టింది. పైన చెప్పిన గట్టు దాటే తప్పులను చాలావరకు పట్టుకుంటాది, ఎట్లా సరిచెయ్యాల్నో సలహా కూడా రాస్తాది. కానీ ఆ సలహా చదివే అలవాటు లేకపోతే రస్ట్ అయినా ఒకటే, సీ అయినా ఒకటే.

"ఏఐకి ఇస్తే సరిచేసి ఇస్తాది కదా" అనేవాళ్లకు కూడా మాది ఇదే జవాబు. ఈ ఎర్రర్‌కి అర్థం తెలుగులో చెప్పు అని అడగండి, తప్పు లేదు. ప్రోగ్రాం రాసివ్వు అని అడిగితే అది ఇంకో పీడీఎఫ్. పరీక్షలో ఏఐ పక్కన కూర్చోదు.

కాబట్టి గ్రూపు అడ్మిన్లను, సీనియర్లను మేము కోరేది ఇది. ఎవరైనా ప్రోగ్రాం అడిగితే, ముందు తను రాసినది, దానికి వచ్చిన మొదటి ఎర్రర్ లైను, తను ఏం చేసి చూసినాడో ఆ మాట, ఈ మూడూ పెట్టమనండి. ఎంత తప్పుగా ఉన్నా ఎవరూ నవ్వొద్దు. సీనియర్లు జవాబు మొత్తం ఇవ్వకుండా ఏ లైను చూడాల్నో చెప్పండి. ఆదివారం రాత్రి ఒక గంట దీనికే పెట్టుకుందాం. మా నోటుబుక్కులోని ఇరవై మాటల ఫొటోలు మేము పెడతాం, ఎవరి భాషలో వాళ్లు రాసి కలపండి. హాస్టళ్లలో మాత్రం అందరం కలిసి ఒకటి అడగాల, రూముకొక ల్యాప్‌టాప్ కాదు, హాస్టల్‌కి రెండు పాత కంప్యూటర్లు. జీసీసీ ఉచితం, ఒకసారి ఎక్కించుకుంటే నెట్ కూడా అక్కర్లేదు. పెద్ద ఖర్చు కాదు, అడగడానికి మొహమాటం ఎందుకు?

మొన్న మా తమ్ముడికి వాడి ప్రోగ్రాం మళ్లీ టైపు చేసి, & తీసేసి, ఆ వార్నింగ్ ఫొటో తీసి పంపినాం. కింద మా మాటల్లో అర్థం రాసినాం. రాత్రి పదింటికి, మిరప చేలల్లో పని అయినాక, వాయిస్ మెసేజ్ వచ్చింది. "అన్నా, ఒక్క గుర్తేనా?" అన్నాడు. కాసేపాగి ఇంకోటి పెట్టినాడు, "సప్లీ ఫీజు లాస్ట్ డేట్ ఎప్పుడు?" అని.

వాడు వస్తే బెంచీ మీద మా పక్కన చోటుంది. ఫీజుకు కొంచెం తక్కువ పడుతోంది, అది మా ఐదుగురం చూసుకుంటాం. వాడికి, వాడిలాంటి ఫస్టియర్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈసారి పీడీఎఫ్ పంపకండి. మీకు మొదటిసారి వచ్చిన ఎర్రర్ ఏదో, ఎంతసేపు ఏడ్చినారో, ఎట్లా పోయిందో కామెంట్‌లో రాయండి. ఈ పోస్టులో మేము ఏదైనా తప్పు రాసుంటే అది కూడా చెప్పండి. ఎన్నో పేరానో రాస్తే వెతుక్కోవడం మాకు సులువు.